ధాత కరువు మీద పిల్లల నవల రాస్తున్నాను, తమ్ముడి చావు ఉంచాలా తీసేయాలా?

పత్తికొండ దారి:

అందరికీ నమస్కారం. ఏడాదిన్నర నుంచి ఒక పిల్లల నవల రాస్తున్నాను, పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళు చదువుకునేలా. 1876లో మొదలై 1878 దాకా పీడించిన కరువు, మా వైపు పెద్దవాళ్ళు ధాత కరువు అంటారే, అదీ కథాకాలం. పత్తికొండ దగ్గర ఒక పల్లె, పన్నెండేళ్ళ పిల్ల, ఆరేళ్ళ తమ్ముడు, అమ్మ. నాన్న పని వెతుక్కుంటూ పోయి మళ్ళీ రాడు. ధాత సంవత్సరం వానలు ఎగ్గొట్టాయి, మరుసటి ఏడు ఈశ్వరలో కూడా ఆషాఢం, శ్రావణం పొడిగానే పోయాయి, ఇంట్లో ఉన్న చెంబూ తప్పేలా అమ్ముకున్నారు, ఆఖరికి ఇంటి వాసాలు కూడా పీకి అమ్ముకుని ముగ్గురూ కరువు పనికి, అంటే కరువులో సర్కారు కూలి ఇచ్చి చేయించే పనికి, బయల్దేరతారు. రోడ్డుకు కంకర కొట్టే పని. అక్కణ్ణుంచి ఆదోని రైలు స్టేషన్ దాకా నడుస్తారు.

సమస్య తొమ్మిదో అధ్యాయం. కరువు పని క్యాంపులో కలరా వచ్చి తమ్ముడు చనిపోతాడు. అది రాశాక నాలుగు రోజులు కలం ముట్టుకోలేకపోయాను. ఒక ప్రచురణకర్తకు చూపిస్తే "కథ బాగుంది, కానీ పిల్లల పుస్తకంలో చావెందుకండీ, తల్లిదండ్రులు కొనరు, వాణ్ణి బతికించండి" అన్నారు. సరేనని ఇంకోలా రాశాను. క్యాంపుకు ఒక దొర డాక్టరు వస్తాడు, మందిస్తాడు, వాడు లేచి కూర్చుంటాడు. చదువుకుంటే నాకే మింగుడు పడలేదు. 1871 జనాభా లెక్కలకీ 1881 లెక్కలకీ మధ్య కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. అలాంటి చోట నా కథలో ఉన్న పిల్లలిద్దరూ క్షేమంగా ఇల్లు చేరితే, పోయినవాళ్ళను ఇంకోసారి పూడ్చిపెట్టినట్టే ఉంటుంది నాకు.

అలాగని పన్నెండేళ్ళ పిల్లల్ని భయపెట్టడానికి రాయట్లేదు. మీలో పిల్లలకు చదివి వినిపించేవాళ్ళు, బడిలో పాఠం చెప్పేవాళ్ళు, ఆ ప్రాంతం వాళ్ళు ఎవరున్నా చెప్పండి. చావు ఉంచాలా? ఉంచితే ఎంతవరకు చూపించాలి? మొదటి మూడు అధ్యాయాలు జతచేశాను, వివరాల్లో తప్పులున్నా మొహమాటం లేకుండా చెప్పండి.

నల్లరేగడి:

ఉంచండి. అయితే అంతకన్నా ముందు చెప్పాల్సింది ఒకటుంది. మూడు అధ్యాయాలూ చదివాను, వీళ్ళు ఎంత బాధపడ్డారో కనపడింది గానీ ఎట్లా బతికారో కనపడలేదు. "ఆకులు అలములు తిని" అని ఒక్క మాటలో తేల్చేశారు. ఏ ఆకు? బతికుంటే బలుసాకు తినొచ్చు అని మనం రోజూ అనే మాటే కదా, ఆ బలుసు పొద ఎక్కడుందో మీ పిల్లకు తెలియాలి, ముళ్ళ మధ్య నుంచి లేతాకు ఎట్లా దూయాలో తెలియాలి. చింతగింజలు వేయించి, పొట్టు పోయేదాకా రాయితో నలగ్గొట్టి, నానబెట్టి దంచుకోవడం తెలియాలి. నాగజెముడు పండు మీద కంటికి కనపడని నూగుముళ్ళు ఉంటాయి, ఇసకలో బాగా దొర్లించి రుద్దకపోతే నాలుక నిండా దిగుతాయి. ఒకసారి తమ్ముడు ఆగలేక అట్లాగే కొరికేస్తాడు, అక్క వాడి నాలుక మీది ముళ్ళు ఒక్కొక్కటీ గోటితో తీస్తుంది. అట్లాంటి పేజీ ఒకటి ఉంటే, తర్వాత వాడు పోయినప్పుడు పిల్లలకు వాడెవరో తెలిసి ఉంటుంది.

మా ఇంట్లో చెప్పుకునే కథ ఒకటి చెప్తాను, పనికొస్తే వాడుకోండి. మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పిందట. మా వైపు నల్లరేగడి ఊళ్ళలో జొన్నలు పాతర వేసేవాళ్ళు, నేలలో లోతుగా గొయ్యి తవ్వి, మూతి ఇరుకుగా ఉంచి, లోపల చుట్టూ గడ్డి పరిచి, గింజలు నింపి పైన మట్టి కప్పేస్తారు. రెండు మూడేళ్ళు నిలవ ఉంటాయి. కరువు రెండో ఏటికి మా వాళ్ళ పాతర ఖాళీ. అయినా అడుగున, గోడలకు అంటుకుని ముక్కిపోయిన గింజలు ఉంటాయని ఎవరికో తట్టింది. మూత తీసిన వెంటనే పాతరలోకి దిగకూడదు, లోపలి గాలికి మనిషి ప్రాణం పోతుంది. ఒక పూటంతా తెరిచి ఉంచి, ఆముదం దీపం తాడుకు కట్టి దించారట. మొదటిసారి సగం లోతుకు పోగానే దీపం ఆరిపోయింది. మళ్ళీ ఆగారు. సాయంత్రం ఇంకోసారి దించితే అడుగుదాకా వెలిగింది. అప్పుడు జీతగాడి కూతుర్ని, ఎనిమిదేళ్ళ పిల్లను, తాడు కట్టి దించారు. చేత్తో గోడలు గీకి రెండు మానికల గింజలు తెచ్చింది. నల్లగా మాడిపోయినట్టు ఉన్నాయట. ఏడు నీళ్ళు పోసి కడిగి గంజి కాచి, ఎవ్వర్నీ గబగబా తాగనివ్వలేదు మా ముసలామె. ఎండిపోయిన కడుపులో ఒక్కసారి పడితే మనిషి నిలవడని ఆమెకు తెలుసు. గరిటెడు గరిటెడు, మధ్యలో ఆగి ఆగి.

పిల్లలు ఇది మర్చిపోరు. నేను మర్చిపోలేదు.

ఎనిమిదో తరగతి:

పదహారేళ్ళుగా సోషల్ చెప్తున్నాను, ప్రభుత్వ బడి. చావు గురించి పిల్లలు మనకన్నా ధైర్యంగా మాట్లాడతారు, వాళ్ళు తట్టుకోలేనిది అబద్ధం. కథలో ఎవరో వచ్చి అన్నీ సర్దేస్తే వాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది, పుస్తకం మూసేస్తారు.

నేను ఈ కరువు పాఠం ఎలా చెప్తానో రాస్తాను. 1877 జనవరిలో, కరువు సాయం చూడటానికి వైస్రాయ్ పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించడానికి కరువు పని కూలి కోసేశాడు. మగవాడికి రోజుకు ఒక పౌను గింజలు, పైన ఒక అణా. ఆడవాళ్ళకూ పిల్లలకూ ఇంకా తక్కువ. పౌను అంటే 450 గ్రాములు. ఈ అంకె బోర్డు మీద రాస్తే పిల్లలు నోట్సులో ఎక్కించుకుని మర్చిపోతారు. అందుకని ఒక రోజు ఇంట్లో తూకం వేసి 450 గ్రాముల జొన్నలు గుడ్డలో మూట కట్టుకుని తీసుకెళ్ళాను. ఒక్కొక్కరి చేతికీ ఇచ్చాను. ఎండలో పొద్దంతా రాళ్ళు కొట్టినందుకు ఇది, ఇందులోనే ఇంట్లో పనిచేయలేని ముసలివాళ్ళకూ పెట్టాలి అన్నాను. వెనక బెంచీలో ఒకడు, ఎప్పుడూ కుదురుగా ఉండడు, ఆ మూటను చాలాసేపు వదల్లేదు. "టీచర్, ఇది మా అమ్మ ఒక్కపూట రొట్టెలకు తీసే పిండి" అన్నాడు. వాళ్ళింట్లో నలుగురు. ఆ మూటలో ఉన్నది 1,600 కాలరీలు కూడా కాదు, బరువు పని చేసే మగమనిషికి దానికి రెట్టింపు కావాలి.

మీ నవలలో ఈ కొలత కనిపించాలి. మేస్త్రీ గింజలు కొలిచే పాత్ర, దాని అంచు మీద వేలు పెట్టి సమం చేయడం, పాత్ర మీది నాలుగు గింజలు మళ్ళీ బస్తాలోకి పోవడం. పిల్ల కళ్ళు అక్కడే ఉంటాయి కదా.

డాలస్ అమ్మ:

నేను కొంచెం వేరుగా చెప్తాను, కోపం తెచ్చుకోకండి. మా అమ్మాయికి పదేళ్ళు. శనివారం తెలుగు బడికి వెళ్తుంది, చదవగలదు కానీ నెమ్మదిగా, ఒక పేజీకి పది నిమిషాలు పడుతుంది. మీరు నాలుగు పేజీల్లో రాసిన చావును ఇక్కడి పిల్ల నలభై నిమిషాలు చదువుతుంది. మనం గబగబా దాటేసే వాక్యం దగ్గర తను కూడబలుక్కుంటూ నిలబడి ఉంటుంది. పోయినేడు వేరే కథ ఒకటి, అందులో తల్లి చనిపోయే చోట అధ్యాయం ఆపేశారు. మా పాప ఆ రాత్రి పుస్తకం వేరే గదిలో పెట్టి రమ్మంది, వారం రోజులు నా పక్కనే పడుకుంది.

చావు తీసేయమని కాదు. అక్కడ అధ్యాయం ఆపకండి, అంతే. ముందే తెలియనివ్వండి, మొదటి పేజీలోనే "నాకు ఒక తమ్ముడుండేవాడు" అని ఆ పిల్ల చేత చెప్పించండి. అప్పుడు పిల్లలు టెన్షన్‌తో కాకుండా ప్రేమతో చదువుతారు వాణ్ణి. కలరా ఎలా ఉంటుందో వర్ణన వద్దు. వాడు పోయాక అదే పేజీలో అక్కకు చేయాల్సిన పని ఒకటి ఉండాలి, నీళ్ళు తేవడమో, అమ్మను లేపి కూర్చోబెట్టడమో. ఆ పని పట్టుకుని చదివే పిల్ల కూడా ముందుకు నడుస్తుంది.

పాత కాగితాలు:

జిల్లా మాన్యువళ్ళు, కరువు రిపోర్టులు చదవడం నాకు అలవాటు, కాబట్టి వివరాల సంగతి నేను చూస్తాను. "రాయలసీమ" అన్న మాట తీసేయండి, ఆ పేరు 1928 నంద్యాల సభలో వచ్చింది, అప్పట్లో మన జిల్లాలను దత్తమండలాలు అనేవాళ్ళు. అనంతపురం జిల్లా అని రాశారు, 1882లో గానీ ఏర్పడలేదు. ఆదోని అప్పుడు బళ్ళారి జిల్లాలో ఉంది, అంటే మీవాళ్ళు జిల్లా దాటి నడుస్తున్నారు. ఇంట్లో కిరసనాయిలు బుడ్డి వెలిగించారు, ఆముదం దీపం చేయండి. చేలో వేరుశనగ వేయించారు, ఆ పంట మన మెట్టల్ని కమ్ముకున్నది చాలా తర్వాత, జొన్న, కొర్ర, ఆరిక, పత్తి చాలు.

ఇక అసలు విషయం, ఆ దొర డాక్టరు. 1877లో కలరాకు మందు లేదండీ. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగిస్తే మనిషి బతుకుతాడని 1960ల చివర్లో గానీ తేలలేదు. ఏ డాక్టరు వచ్చినా మీ పిల్లవాణ్ణి సీసాలో మందుతో లేపి కూర్చోబెట్టలేడు. డాక్టరు కావాలంటే నిజంగా ఒకాయన ఉన్నాడు, మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్. ఆయన చేసింది మందివ్వడం కాదు, పౌను గింజలతో పనిచేసే మనిషి బతకడని టెంపుల్‌తో కాగితాల మీద పోట్లాడటం. కనీసం పౌనున్నర గింజలు, పైన పప్పూ కూరగాయలూ ఉండాలన్నాడు. 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం సగం దారికి వచ్చింది, పౌనుంబావు గింజలు, కాస్త పప్పు. అంటే మీ కథలో ఒక ఉదయం మేస్త్రీ గింజలు కొంచెం ఎక్కువ కొలుస్తాడు, పైన గుప్పెడు కన్నా తక్కువ పప్పు వేస్తాడు. ఎందుకో ఆ పిల్లకు తెలియదు. ఎక్కడో మద్రాసులో ఒక మనిషి రాసిన కాగితాల వల్ల అని పిల్లకు ఎవరూ చెప్పరు. దాన్ని అలాగే వదిలేయండి, చివరన ఒక పేజీ చరిత్ర నోటు పెట్టి అక్కడ చెప్పండి.

ఆదోని స్టేషన్ దృశ్యం బాగా ఆలోచించి రాయండి. ఆదోని మీదుగా పోయే మద్రాసు లైను రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది 1871లోనే, కాబట్టి గింజలు రైల్లో వచ్చాయి. బెంగాల్ నుంచి, బర్మా నుంచి ఓడల్లో మద్రాసు రేవుకు బియ్యం దిగింది, అక్కణ్ణుంచి పైకి. గింజలు ఉన్నాయి, కొనే డబ్బు లేదు. అదే ఏళ్ళలో ఈ దేశపు గోధుమలు ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. 1877 జనవరి 1న విక్టోరియా మహారాణిని చక్రవర్తినిగా ప్రకటించడానికి ఢిల్లీలో వైస్రాయ్ లిట్టన్ దర్బారు జరిపించాడు. ఇవన్నీ పిల్ల నోట పలికించకండి. ప్లాట్‌ఫారం మీద బస్తాల గుట్ట, పక్కన కర్రతో మనిషి, చిరిగిన బస్తా నుంచి రాలిన గింజల కోసం దుమ్ము జల్లెడ పడుతున్న ఆడవాళ్ళు, ఇవి చాలు.

ఇంకొకటి. వాన పడగానే కథ ముగించేశారని మీ సారాంశంలో ఉంది. 1877 చివర్లో వానలు పడ్డాక మలేరియా వచ్చింది, కరువుకు తట్టుకున్నవాళ్ళు జ్వరాలకు పోయారు. వాన చూసి ఊపిరి పీల్చుకునే చోట పుస్తకం ఆపితే సగమే చెప్పినట్టు.

కాలువ గట్టు:

అందరూ చాలా చెప్పారు. నాది ఒకే ప్రశ్న. మీ పిల్లది ఏ ఇల్లు? ఏ కులం?

మూడు అధ్యాయాలు రెండుసార్లు చదివాను, ఎక్కడా లేదు. రాయకుండా ఉంటే అందరి పిల్లా అవుతుంది అనుకున్నారేమో. ఆ రోజుల్లో ఆమె నీళ్ళు ఎక్కడ తోడుకుంది? బావిలోంచి తనే చేదుకుందా, ఎవరైనా పోస్తే దోసిలి పట్టిందా? బావి ఇంకిపోయినప్పుడు ఎవరికి ముందు ఆపేశారు? గంజి కేంద్రంలో వంట మనిషి ఎవరు, వరసలు ఎన్ని? వీటికి జవాబు లేకుండా ఆ పల్లెలో ఒక రోజు కూడా రాయలేరు.

మాది ఒంగోలు వైపు, మాదిగ కుటుంబం. ఈ కరువులోనే బకింగ్‌హాం కాలువ తవ్వకం కరువు పనిగా సాగింది. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని మావాళ్ళను వేలమందిని పనిలో పెట్టుకున్నాడు. కరువు తర్వాత, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా తాతకు తాత ఆ కాలువ మట్టి మోశాడని ఇంట్లో చెప్పుకుంటాం. మాకు పాతర లేదు. పంట కళ్ళం మీదికొస్తే మేర, అంటే చేసిన పనికి మా వాటా గింజలు, కొలిచేవాళ్ళు, అదే మా ఏడాది తిండి. కళ్ళం లేని ఏడు మేర లేదు, అంతే. రైతు ఇంట్లో పాతర ఖాళీ అయ్యేసరికి మా గుడిసెల్లో పొయ్యి ఆరి ఎన్ని నెలలయ్యిందో లెక్క వేసుకోండి.

నల్లరేగడి గారూ, మీ కథ చదివి నేను ఒక చోట ఆగిపోయాను. దీపం ఆరిపోయిన గొయ్యిలోకి జీతగాడి కూతుర్ని దించారన్నారు. సొంత ఇంట్లో చిన్న పిల్లలు లేరా? తప్పుపట్టడానికి అడగట్లేదు. నవల రాస్తున్న మేడమ్‌కు చెప్తున్నాను, మీ కథ ఆ పిల్లది. పైన గంజి కాచిన ఇంటిది కాదు.

పత్తికొండ దారి:

రెండు రోజులు జవాబు రాయలేకపోయాను, క్షమించండి. అందరికీ పేరుపేరునా దండాలు.

కాలువ గట్టు గారూ, మీరన్నది నిజం. కులం రాయలేదు, తప్పు రాస్తానేమోనన్న భయంతో. రాయకుండా వదిలేస్తే వాళ్ళు ఎవరైనా కావచ్చనుకున్నాను, కానీ మీ బావి ప్రశ్న తర్వాత మళ్ళీ తీసి చూస్తే, నాకు తెలియకుండానే ఆ పిల్ల చేత నేరుగా చేదబావిలో నీళ్ళు తోడించాను. అంటే నా ఇల్లే రాశాను. మొదటి మూడు అధ్యాయాలూ కొత్తగా రాస్తున్నాను. పిల్ల ఊరి చివర గుడిసెలది. నాన్న రెడ్డిగారింట్లో జీతం. రాసింది మీకు పంపితే చూస్తారా? మొహమాటం వద్దు, చూడలేనంటే అర్థం చేసుకుంటాను.

డాక్టరు అధ్యాయం తీసేశాను. తమ్ముడు పోతాడు, మొదటి పేజీలోనే చెప్పేస్తున్నాను. నాలుక మీది ముళ్ళు తీసే పేజీ నిన్న రాత్రి రాశాను, వాడు "ఇంకొకటుంది, ఇంకొకటుంది" అని అబద్ధం చెప్తూ నాలుక చాపుతుంటాడు, అక్క చేయి ఇంకాసేపు తన ముఖం మీద ఉండాలని. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు, వచ్చింది. చావు దగ్గర ఒకటిన్నర పేజీ. తర్వాత అదే పేజీలో అక్క లేచి కూలి గింజలకు వరసలో నిలబడుతుంది, ఎందుకంటే ఆ రోజు వదిలేస్తే అమ్మకు గంజి ఉండదు. మేస్త్రీ ముగ్గురికని కొలవబోతాడు. ఆమె ఇద్దరికే అని చెప్పాలా వద్దా, అక్కడ ఆగి ఉన్నాను. పన్నెండేళ్ళ పిల్ల చెప్పదేమో అనిపిస్తోంది.

నల్లరేగడి గారూ, పాతర దృశ్యం ఆ పిల్ల కళ్ళతోనే రాస్తాను, గొయ్యి లోపలి నుంచి. మీ అమ్మగారిని ఒక్కటి అడుగుతారా, తాడు ఎక్కడ కట్టేవాళ్ళు, లోపల పిల్ల బాగుందని పైన ఎలా తెలిసేది?

ఎనిమిదో తరగతి:

ఇద్దరికే అని చెప్పించకండి. మా వెనక బెంచీ వాడిని అడిగాను, "ఎందుకు చెప్తుంది టీచర్" అన్నాడు.

కాలువ గట్టు:

పంపండి, చూస్తాను. మా నాన్నకు కూడా చదివి వినిపిస్తాను, ఆయనకు నాకన్నా చాలా తెలుసు.

నల్లరేగడి:

అమ్మకు ఫోన్ చేశాను. తాడు నడుముకు కట్టరు, నొక్కుకుపోతుంది, చంకల కింద నుంచి తిప్పి వీపు మీద ముడి వేస్తారు. పైన ఇద్దరు పట్టుకుంటారు. దీపం ఇంకో తాడు మీద పక్కనే ఉంటుంది. లోపల ఉన్నంతసేపు పైనుంచి పేరు పెట్టి పిలుస్తూనే ఉంటారు, పిలిచినప్పుడల్లా పిల్ల ఓ అని పలకాలి. ఒక్కసారి పలకకపోయినా ఇంక చూడరు, లాగేస్తారు.

కాలువ గట్టు గారూ, మీరు అడిగింది కూడా అడిగాను. ఇంట్లో ఆ ఈడు పిల్లలు ఇద్దరున్నారట. నలభై ఏళ్ళుగా ఈ కథ వింటున్నాను, నా పిల్లలకూ చెప్పాను, ఎప్పుడూ అడగలేదు. ఆ పిల్ల పేరేమిటని కూడా అడిగాను, అంతసేపు పిలిచారు కదా. అమ్మకు తెలియదు.